కిటికీ దూకింది నేనే

అమ్మకు,

ఎముకలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, దిగులుపడకు. ఇప్పుడు నేను డూపుగా చేస్తున్నది ఒక తమిళ ఫైటింగు సినిమా. అందులో ఇల్లు పంచుకోలేక కొట్టుకునే అన్నదమ్ములు, అడ్డొచ్చిన చెల్లెలిని మేడగదిలో పెట్టి తాళం వేస్తారు. ఆమె కిటికీ పగలగొట్టుకుని దూకుతుంది. నిన్న ఆ సీను దగ్గర ఫైటు మాస్టారు, "ఇది నీవల్ల కాదమ్మా, మగాడికి విగ్గు పెట్టి దూకిస్తాం" అన్నారు.

"నాకు జడ ఉండగా మగాడికి విగ్గెందుకు మాస్టారూ? నేనే దూకుతా" అన్నాను. దూకాను. కింద పేర్చిన అట్టపెట్టెల్లోంచి లేచేసరికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మాస్టారు విగ్గు లోపల పెట్టించేశారు.

ఈ పని మానకపోతే గడప తొక్కొద్దని అన్నయ్య రాశాడు. మాననని చెప్పు. ఆ గడప నీది కూడా. వచ్చే నెల వస్తాను, తలుపు నువ్వే తియ్యి.

నాన్న దగ్గు తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? నా పాత వదులు చుడీదార్లు రెండు పంపు, లోపల మోకాళ్లకు మెత్తలు కట్టుకోవాలి. చెల్లికి నా ఆశీస్సులు.

ఇదంతా ఇలా పోస్టుకార్డు మీద రాస్తే పోస్టుమ్యాన్ చదువుతాడని అన్నయ్య గోల పెడతాడు. చదవనీ.

నీ పెద్దకూతురు