సంచి తెరవని గడ్డ

బాపూ,

నీ సంవత్సరీకం పెట్టిన మర్నాడే తమ్ముడి రిపోర్టు వచ్చింది. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ.

పంజగుట్ట ఆసుపత్రిలో డాక్టరుగారు విడమరిచి చెప్పారు. ఒంట్లో ప్రతి కణమూ తన లోపల ఏముందో పైకి చూపిస్తుందట. కాపలా కణాలు దాన్ని చూసి, దొంగ కణాన్ని పట్టుకుంటాయట. ఈ గడ్డ చూపించడమే మానేసింది. "అందుకే, ఆ కాపలా కణాలను ఉసిగొలిపే మందు ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేనమ్మా," అన్నారు.

అమీర్‌పేట మాల్ గేటు దగ్గర డ్యూటీలో నువ్వు సంచి తెరవనివాణ్ణే ముందు ఆపేవాడివి.

"బాపు ఉంటే దీన్ని గేటు కాడనే ఆపుతుండె గదక్కా," అని తమ్ముడు నవ్వబోయాడు.

నాకు నవ్వు రాలేదు. సాయంత్రం మందులు కొనుక్కుని తిరిగొస్తుంటే ఆసుపత్రి గేటులో సెక్యూరిటీ అతను నా సంచి చూడకుండానే పొమ్మన్నాడు.

"జర చూడన్నా!" అని కసురుకున్నాను. సంచి తెరిచి పట్టుకుని, అతను చూసేదాకా కదల్లేదు.