మూలలు తినే గుడ్డ

ప్రియమైన అర్ధాంగికి,

మీ అమ్మగారి తుంటి ఎముక అతుక్కుంటున్నదనీ, కర్ర సాయంతో వంటగది దాకా నడిచారనీ తెలిసి సంతోషించాను. ఆవిడ పూర్తిగా కోలుకునే వరకు నువ్వు అక్కడే ఉండు. ఇక్కడ నాకు లోటేమీ లేదు.

బొంతల కార్ఖానాలో నన్ను గుమాస్తాగా తీసుకున్నారు. కిటికీ పక్కన కుర్చీ, తాళం ఉన్న సొరుగు, రెండు రంగుల సిరా. పదహారేళ్లు గోదాములో మూటలు మోసిన వీపు ఇప్పుడు కుర్చీకి ఆనుకుంటున్నది. ఈ ఉత్తరాన్ని మీ తమ్ముడు భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపిస్తాడని తెలుసు. వినిపించనీ. నేను పట్టభద్రుడినైన రోజున, "అయితే ఇక బావ చేతికి సిరా మరక తప్ప ఇంకేదీ అంటదన్నమాట!" అని నలుగురిలో నవ్వాడు కదా. అంటదు అని నేనూ నలుగురిలోనే అన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నానని చెప్పు.

చేతివ్రాత కొంచెం వంకరగా ఉన్నందుకు మన్నించు. స్టేప్లరు పిన్ను వేలికి గుచ్చుకున్నది. స్వల్పమే.

ఇట్లు,
నీ భర్త,
పట్టభద్రుడు, కార్యాలయ గుమాస్తా


ప్రియమైన అర్ధాంగికి,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. మీ తమ్ముడి చేతికి ఇవ్వకు.

నేను గుమాస్తాను కాను. ఒక్కరోజు కూడా కాలేదు. నా పట్టా చూసి మేనేజరు, "కుర్చీ నిన్ననే నిండిపోయింది. అంచుల బల్ల దగ్గర ఒక చోటు ఉంది, కూర్చుంటావా?" అని అడిగాడు. గోదాముకు రాజీనామా ఇచ్చి వచ్చినవాడిని, కూర్చుంటానన్నాను. ఆ సాయంత్రమే నీకు కుర్చీ గురించీ, సొరుగు గురించీ వ్రాశాను. ఆ కిటికీని మేనేజరు గది గుమ్మంలో నిలబడి చూశాను. గుచ్చుకున్నది సూది.

అంచుల బల్ల అంటే ఏమిటో చెప్పాలి. పైగుడ్డ, దూది, అడుగుగుడ్డ కలిపి కుట్టిన బొంత మా దగ్గరికి నాలుగు వైపులా పచ్చిగా, దూది కనిపిస్తూ వస్తుంది. ఆ చుట్టూ పట్టీ కుట్టి మూయడమే మా పని. ముందువైపు మిషను మీద, వెనకవైపు చేత్తో. బల్లకు పెద్ద, అరవై దాటిన ఒకావిడ. అందరూ కత్తెరమ్మ అంటారు. కొత్తవాడికి మూడు బొంతలు ఇస్తుంది. మూడూ చెడిపోతే పంపించేస్తారు.

మొదటిదానికి నేను నాలుగు వైపులా కొలిచి, కాగితం మీద కూడి, సరిగ్గా అంతే పట్టీ కత్తిరించాను. రాత్రి కాలేజీ లెక్కల పరీక్షలో నూటికి ఎనభై ఒకటి తెచ్చుకున్నవాడిని. కుట్టుకుంటూ చుట్టూ తిరిగి మొదలు పెట్టిన చోటికి వచ్చేసరికి పట్టీ జానెడు తక్కువైంది. ఆ జానెడు మేర దూది పళ్లికిలించింది. కత్తెరమ్మ నా కాగితం తీసుకుని, తిరగేసి, మళ్లీ బోర్లించి చూసింది.

"లెక్క తప్పు లేదే డిగ్రీ గారూ! మరి మూలలు తినవా? నాలుగు మూలలు నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి. అతుకు ఒకటి. వాటికి ఏం పెట్టావు?"

బల్లంతా గొల్లుమన్నది. అప్పటి నుంచి నా పేరు డిగ్రీ గారు.

రెండోసారి మూలలకు చాలినంత గుడ్డ ఉంచాను. కానీ మళ్లీ తగ్గిపోతుందేమో అన్న భయంతో పట్టీని లాగి పట్టి కుట్టాను. బల్ల మీద పరిస్తే బొంత పరుచుకోలేదు. అంచులు పైకి లేచి పళ్లెంలా నిలబడింది. "ఇందులో ఏం వడ్డిద్దాం?" అన్నది పక్క కుర్చీ ఆవిడ. నవ్వడానికి నోరు తెరిచాను గానీ నవ్వు రాలేదు.

నిన్న నా అబద్ధం నిజం కాబోయింది. గుమాస్తాకు వేరే ఊళ్లో పని దొరికి వెళ్లిపోయాడు. మేనేజరు నన్ను పిలిచి, "రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చో" అన్నాడు. కిటికీ, సొరుగు, రెండు రంగుల సిరా, అన్నీ నేను వ్రాసినట్లే. నీకు కొత్తగా ఒక్క మాట కూడా వ్రాయనక్కరలేదు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. నేను బల్ల దగ్గరికి వచ్చి సూదులు డబ్బాలో పెట్టుకుంటున్నాను. కత్తెరమ్మ తల ఎత్తకుండానే అన్నది:

"వెళ్లు నాయనా, ఎవరు వద్దన్నారు? రెండు పాడు చేసినవాడు మూడోది తప్పించుకుంటే తెలివైనవాడే."

ఆవిడ వెటకారానికి అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నీకు గుర్తుండే ఉంటుంది, రాత్రి కాలేజీలో లెక్కలు రెండుసార్లు తప్పాను. మూడోసారి నువ్వు, "పోనీ వదిలెయ్యండి" అంటే రెండు రోజులు నీతో మాట్లాడలేదు. ఆనాడు వదలనివాడిని ఈనాడు కుర్చీ కోసం వదిలితే, ఆ పట్టా మీద ఉన్న పేరు నాది అని చెప్పుకోవడానికి నాకు అర్హత ఉండదు.

మేనేజరు దగ్గరికి వెళ్లి, మూడో బొంత ముగిసే దాకా, అంటే వచ్చే శనివారం దాకా, గడువు అడిగాను. "కుర్చీ అన్నాళ్లు ఆగదు" అన్నాడు. అయితే వద్దు అన్నాను. శనివారం బొంత నెగ్గకపోతే నాకు కుర్చీ ఉండదు, బల్లా ఉండదు. మీ తమ్ముడు నవ్వడానికి మాత్రం కావలసినంత ఉంటుంది. తెలిసే చేశాను. నిన్ను అడగకుండా చేశాను, అది తప్పే. నీతో అబద్ధమాడినది అంతకంటే పెద్ద తప్పు.

రెండో బొంత పాడైన నాటి నుంచీ పాత గుడ్డముక్కల మీద మూలలు కుడుతున్నాను. మూల ఇంకా పావు అంగుళం ఉందనగా మిషను ఆపాలి. పట్టీని పైకి మడిచి, మళ్లీ కిందికి మడిచి, అక్కడి నుంచి కొత్తగా మొదలుపెట్టాలి. ఆగవలసిన చోట ఆగడమే నాకు చేత కావడం లేదు. వచ్చేదాకా కుడతాను.

ఇట్లు,
నీ భర్త


ఏమండీ,

మీరు నన్నొక్కదాన్నే చదవమన్న ఉత్తరం మా తమ్ముడే విప్పాడు. పోస్టు డబ్బాలోంచి తెచ్చేది వాడేగా! అన్నాలు తింటుంటే పైకి మొదలుపెట్టాడు. రెండో వాక్యం దగ్గర గతుక్కుమని ఆగి, మడిచి నా కంచం పక్కన పెట్టేశాడు. నేను చదువుకుని, నా అంతట నేనే వాడికి ఇచ్చాను. కోప్పడతారని తెలుసు. కోప్పడండి.

గుమాస్తా సంగతి నాకు ముందే తెలుసండీ. స్టేప్లరు పిన్ను గుచ్చుకుంటే ఒకసారి గుచ్చుకుంటుంది, ఉత్తరం చివర అయిదు నెత్తుటి చుక్కలున్నాయి. కవరు అంటించిన చోట జిగురులో ఎర్రదారం ఇరుక్కుని ఉంది. ఏ ఆఫీసులో అండీ ఎర్రదారంతో కూడికలు చేసేది? మీరే చెప్తారని ఊరుకున్నాను. చెప్పకపోతే నేనూ రెండు రోజులు మాట్లాడకుండా ఉందామనుకున్నా.

తమ్ముడు నవ్వుతాడనే నేనూ అనుకున్నాను. నవ్వలేదు. లోపలికెళ్లి వాడి పాత బొంత తెచ్చి నా ముందు పడేశాడు. అంచులు చీకిపోయాయి, దూది వేలాడుతోంది. "దీని చుట్టూ పట్టీకి ఎంత గుడ్డ కొనాలో బావని అడుగు. వేరేవాళ్ల చేత కుట్టించను" అన్నాడు. తర్వాత మళ్లీ వాడి బుద్ధి పోనిచ్చుకోకుండా, "డిగ్రీ చదివినాయన కుట్టిన బొంత ఈ వీధిలో ఎవడికుంది?" అన్నాడు లెండి.

శనివారం ఏమైందో వెంటనే రాయండి. నెగ్గకపోయినా రాయండి. అమ్మ అడుగుతోంది, వేళకి తింటున్నారా అని.

మీ ఆవిడ


ప్రియమైన అర్ధాంగికి,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. కోప్పడలేదు. అయిదు చుక్కలు కావు, నాలుగే. ఒకటి సిరా.

శనివారం కత్తెరమ్మ నా బొంతను ఒళ్లో వేసుకుని కళ్లు మూసుకున్నది. ఆవిడ పరీక్ష అలాగే ఉంటుంది. బొటనవేలితో అంచు వెంబడి నడుస్తుంది. మొదటి మూల దాటింది. రెండోది దాటింది. మూడోది దాటింది. నాలుగో మూల దగ్గర వేలు ఆగింది, వెనక్కి వెళ్లింది, మళ్లీ వచ్చింది. అక్కడ నేను రెండుసార్లు విప్పి కుట్టాను. పక్క కుర్చీ ఆవిడ కూడా మిషను ఆపి చూస్తున్నది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, పట్టా అందుకున్న రోజున నిలబడినట్లే.

కత్తెరమ్మ కళ్లు తెరిచి, బొంతను మడిచి, దుకాణానికి వెళ్లే దొంతర మీదికి విసిరేసింది. నేను అలాగే నిలబడి ఉంటే అప్పుడు అరిచింది:

"ఇంకోటి తీసుకోవయ్యా, చూస్తావేం?"

తీసుకున్నాను.

మీ తమ్ముడికి చెప్పు: బొంత నాలుగు వైపులా కొలవమను. వచ్చినంత కాదు, దాని మీద మరో మూరెడు ఎక్కువ కొనమను. ఎందుకని అడిగితే, మూలలు తింటాయని మీ బావ చెప్పాడను. రంగు మాత్రం వాడి ఇష్టం. దారం ఎర్రదే.

ఇట్లు,
నీ భర్త,
పట్టభద్రుడు,
అంచుల బల్ల, మూడో కుర్చీ