ఎలుకల కాళ్ల కింద కొబ్బరి డొక్కలు

17 జూలై 1986, గురువారం
అమలాపురం

ఎలుకల తోకలకు పట్టీ వేసి, వెనక కాళ్లు నేలకు ఆనకుండా వేలాడదీసి మూడు వారాలైంది. అంతరిక్షంలోలా కాళ్ల మీద బరువు పడకపోతే రక్తంలో కాల్షియం మారాలి. ఎన్నిసార్లు పరీక్షించినా మారలేదు. నా చేతినే అనుమానించాను.

సాయంత్రం మరిచిపోయిన గొడుగు కోసం మళ్లీ ల్యాబుకి వెళితే, అటెండరు ఏసురత్నంగారు ఒక్కో ఎలుక కాళ్ల కింద కొబ్బరి డొక్క, ఎండిన పీచు చెక్క, పెడుతున్నారు.

“రోజూ పెడతారాండీ?”

“ఆయ్, రోజూనండి. పొద్దున్నే తీసేస్తానమ్మా. రాత్రయినా కాళ్లు ఆన్చుకోవద్దాండీ, పాపం?”

రేపు ప్రొఫెసరుగారికి అంకెలు చూపించాలి. నిజం చెబితే ఈయన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నా థీసిస్ మొత్తం అబద్ధం.

తిట్టాలనే నోరు తెరిచాను. చివరి పంజరంలో డొక్క పక్కకి జారి ఉంది. వంగి, నేనే సర్ది వచ్చాను.