ఇసుక మేటలో మిర్చి నారు

మంగళవారం. వాన లేదు.

వరదకు గోదావరి మా చేనిలో వేసిపోయిన ఇసుకను రోజూ కూలికి వెళ్లేముందు కొంత ఎత్తిపోస్తున్నాం. ఈరోజు మంచం పట్టేంత చోట నల్లమట్టి తేలింది. మా ఇంటామె వెంటనే అక్కడ మిర్చి నారు పోసింది.

గట్టున పోతున్న మా ఊరి ఎంకన్న ఆగాడు. "బావా, గీ మంచమంత జాగల ఎన్ని బస్తాలు తీస్తవ్?"

"నవ్వుడు ఆపి ఒక తట్ట మొయ్యి, అన్నా," అంది ఆమె. అతను జల్దీ పని ఉందని వెళ్లిపోయాడు.

"చేనంతా ఇసుకనే ఉంది గద, నారెందుకు పోసినవ్?" అన్నాను.

"నారు ఎదుగుతుంటే ఇసుక ఎత్తుడు నువ్వు ఆపవు. చేను దిక్కు చూడకు, తట్ట నిండిందా లేదా చూడు."

నెలన్నరకు నారు నాటాలి. ఆ కాస్త చోటు తప్ప చేనంతా ఇంకా ఇసుక కిందే ఉంది. ఈ ఏడు పంట చేతికొస్తుందో లేదో.

తట్ట అంచు ఊడింది. తాడుతో కట్టిపెట్టాను.