వాసంతి చెప్పిన పేరు

అక్కా,

మేమిద్దరం నార్వే నుంచి న్యూకాసిల్ ఫ్లాట్‌కు క్షేమంగా తిరిగి వచ్చాం, కంగారు పడకు. కాన్పులో పాప పోయాక వాసంతి ఎవరితోనూ మాట్లాడటం లేదు కదా. గాలి మార్పు మంచిదని ఇక్కడి మా డాక్టరు అంటే, తను ఎప్పటి నుంచో చూడాలనుకున్న ట్రోమ్సోకు తీసుకువెళ్లాను. అక్కడ చలికాలంలో సూర్యుడు అసలు రాడు. ఆకాశమంతా ధ్రువకాంతులు ఆకుపచ్చగా కదులుతుంటే జనం కేకలు పెట్టారు, తను మాత్రం తలెత్తలేదు.

మర్నాడు రెయిన్‌డీర్లను మేపుకునే సామీ తెగవాళ్ల గుడారానికి వెళ్లాం. అక్కడి పెద్దావిడ మమ్మల్ని మంట దగ్గర కూర్చోబెట్టి పాడింది. "మాలో ఒక్కో మనిషికి ఒక్కో పాట ఉంటుంది. ఇది మా ఆయనది. ఆయన పోయినా పాడుకుంటాను" అంది.

వాసంతి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా పాపకు ఒకటి పాడతారా?"

"పేరేమిటమ్మా?"

"మైత్రి."

ఆ పేరు నాకూ అప్పుడే తెలిసింది.

"నేను చూడని బిడ్డకు నేను పాట కట్టలేను తల్లీ. మోసినదానివి నువ్వే పాడాలి" అందావిడ. వాసంతి ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? వచ్చేవాళ్లెవరైనా ఉంటే కాస్త కందిపొడి పంపు, తను అదొక్కటే తింటోంది. ఈసారి ఫోన్లో "మళ్లీ పుడతార్లే" అని మాత్రం ఓదార్చకు. మైత్రి ఎలా ఉండేదో అడుగు. నేను అడగలేకపోతున్నాను.

బావగారికి నమస్కారాలు, అనన్యకు ముద్దులు.

నీ తమ్ముడు,
రాజ్‌కిరణ్