బెల్లం నీళ్లూ, ఏలూరు తివాచీ

జూలై 20, సోమవారం. ఉదయం 6.10
ఈ రోజు నుంచి మా చీరల కొట్లో నేలకు ఫినాయిల్ లేదు, తివాచీకి ఘాటు మందు లేదు. బస్టాండులో ఇచ్చిన కరపత్రం మూడుసార్లు చదివాను. ఏలూరులో మనం పారబోసేది చివరికి చేరేది కొల్లేరుకే. అంటే కొంగ నోట్లో ఫినాయిల్ పోస్తున్నది మా కొట్టే.

కొట్టు తుడిచే పుష్పలత గారి అరచేతులు కూడా చూశాను. బీటలు వారాయి.

నాన్నగారు షరతు పెట్టారు. "ఒరే చైతన్యా, శుక్రవారం అత్తిలి పెళ్లివారు వస్తున్నారు. ఆ రోజు తివాచీ మీద మరక లేకపోతే ఇక నీ మాటే. ఉంటే పాత ఫినాయిలే. మళ్లీ నోరెత్తకూడదు."

ఒప్పుకున్నాను. చరిత్ర మొదలైంది.

మంగళవారం
పరికరాల ఎంపిక:
1. వాక్యూమ్ క్లీనర్. కరెంటు తింటుంది. కరెంటంటే బొగ్గు. వద్దు.
2. ప్లాస్టిక్ మాప్. చూడ్డమే పాపం.
3. ఆవిరి యంత్రం. మందు అక్కర్లేదు. ధర చూశాక అదీ పెట్టుబడిదారుల కుట్రేనని తేలింది.
4. చేత్తో తోసే రోలరు బ్రష్. మంచిదే. మూడు పొరల ప్లాస్టిక్ చుట్టి పంపుతారట.
5. కొబ్బరి పీచు, ఈత చీపురు. ఇదీ విప్లవం.

మందు: నిమ్మతొక్కలు, బెల్లం, నీళ్లు. మూడు నెలలు ఊరాలని కరపత్రం. నాకున్నవి రెండు రోజులు. బెల్లం రెట్టింపు చేశాను.

బుధవారం
పుష్పలత గారు పీచుతో రుద్దుతున్నారు.
"బాబూ, ఇదివరకు అరగంటలో అయిపోయేదండి. రెండు గంటలైనా సగం అవలేదండి."
"ప్రకృతికి తొందర ఉండదండీ" అన్నాను, కుర్చీలోంచి.
"ఆయ్. దానికి నడుం కూడా ఉండదేమోనండి."

గురువారం
ఉదయం 7.00. సీసా మూత తీశాను. పానకం వాసన. తివాచీ అంతా పుష్పలత గారితో తుడిపించాను.
7.40. "జిగురొస్తోందండి" అన్నారావిడ. సహజమైన మెరుపన్నాను.
సాయంత్రం 5.00. నాలుగు చీమలు. జీవవైవిధ్యం.

శుక్రవారం
10.30. పెళ్లివారు దిగారు. పెళ్లికూతురి నాయనమ్మ సూర్యకాంతం గారు తివాచీ నడిమధ్యన కూర్చున్నారు.
10.40. చీమలు నాలుగు కావు.
10.42. "ఏవండీ శ్రీరంగనాయకులు గారూ, మాకు చీరలు చూపిస్తారా, చీమలకి మమ్మల్ని వడ్డిస్తారా?" అని నాన్నగారిని అడిగారావిడ.
10.45. ఆవిడ లేచారు. తివాచీ ఆవిడ చీర కుచ్చిళ్లు వదల్లేదు.
10.50. అందరూ ఎదురు కొట్లోకి.
11.00. నాన్నగారు ఫినాయిల్ సీసా తెచ్చి నా డైరీ పక్కన పెట్టారు.

తప్పు నాది కాదు. మూడు నెలలన్న ముక్క చిన్న అక్షరాల్లో వేశారు. అయినా చీమలకు చైతన్యం లేదు.

శనివారం
చీమలు బీరువా ఎక్కాయి. పట్టుచీరలు అందులోనే ఉన్నాయి. ఫినాయిల్ కొంచెం పోయమని నేనే చెప్పాను. మధ్యాహ్నానికి సీసా ఖాళీ. చీమలమందు కూడా చల్లించాను. కొంగలు క్షమించాలి.

సీసా కడగబోతే పుష్పలత గారు లాక్కున్నారు. "ఇటివ్వండి బాబూ. మీ చేతులు పాడవుతాయి. ఇవి ఎలాగూ పాడైనవేగా."

ఆదివారం
మళ్లీ మొదలు. కొత్త సీసా కలిపాను. ఈసారి తొంభై రోజులూ ఆగుతాను.

పుష్పలత గారు సీసా ఎత్తి చూశారు. "ఇది ఊరేదాకా పీచుతో రుద్దేదెవరండి?"

పరికరాల జాబితా మళ్లీ తీశాను. నాన్నగారి షరతు నోరెత్తకూడదని. చేతుల సంగతి అందులో లేదు.

6. నేను.

రేపు ఉదయం 6.10. పోనీ, 7.00.