నీ కొలతకు కుట్టించిన సంచి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ సంచి పూర్తయింది.

సైకిల్ హ్యాండిల్‌కు మందుల సంచులు తగిలించుకుని నువ్వు ఊరూరా తిరిగి పంచేదానివి. నేనేమో కరపత్రాలు చదివి, శ్రమదోపిడీ మీద నీకే ఉపన్యాసాలిచ్చేవాణ్ని. "భాషణం తర్వాత గని, ముందు వీపుకేసుకునే సంచి కుట్టియ్యి రా" అనేదానివి. చివరికి ఆ హ్యాండిల్ సంచే చక్రంలో చిక్కి, వాగు వంతెన మీంచి పడిపోయావు.

ఈ కొత్త సంచి వీపుకు అంటుకుని ఉంటుంది. జిప్పు తీస్తే మూడింతలు సాగుతుంది, ఖాళీ అయ్యాక మడిచి బిగించుకోవచ్చు. నేను గీసిన బొమ్మ చూసి "గిది సంచా, హార్మోనియమా బేటా?" అని నవ్విన చెన్నూరు దర్జీ చాచా, భుజాల కొలతకు ఆదిగా నీ జాకెట్టు చేతికిస్తే మళ్లీ నవ్వలేదు.

ఈ రోజు నీ ఉద్యోగంలోకి వచ్చిన రాజక్కను చాచా దుకాణానికి పిలిచి తొడిగించాను. ఆమెది పెద్ద ఒళ్లు. పట్టీలు భుజాల మీదికి ఎక్కలేదు.

"జర కుట్లు ఇప్పి పెద్దగ చేస్త," అన్నాడు చాచా.

"ముట్టకు! అది మా అక్క కొలత!" అని అరిచాను.

"మీ అక్కదే గద, ఉంచుకో తమ్మీ," అని రాజక్క మందులన్నీ మళ్లీ హ్యాండిల్‌కే తగిలించుకుని బయలుదేరింది.

సందు మలుపు దాకా ఉరికి సైకిల్ ఆపాను. వెనక్కి తీసుకొచ్చాను. చాచా బ్లేడు అందుకోబోతే నేనే లాక్కున్నాను.

నీ భుజాల కాడి కుట్లు ఒక్కొక్కటే విప్పాను, అక్కా.